ఆత్మీయులొస్తున్నారు

"ఎన్‌ఫోర్స్‌మెంట్ అనే మాట ఈ రోజుతో మన సర్కిల్‌లో రద్దు!" అని ఫుట్‌పాత్‌ల ప్రత్యేకాధికారి రామమోహనరావుగారు ప్రకటించగానే దిల్‌సుఖ్‌నగర్ సభ చప్పట్లతో దద్దరిల్లింది. బండ్లు ఎత్తుకుపోవడమే రద్దయిందనుకుని తోపుడుబండ్లవాళ్ళు ఈలలు కూడా వేశారు. రద్దయింది మాట మాత్రమేనని ఆయన వివరించేసరికి, వేసిన ఈలలు వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

కొత్త మాట కనిపెట్టే భారం చక్రపాణిగారి మీద పడింది. ఆయన చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో పర్యాయపదాలు చెప్పే తెలుగు మాస్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ప్రభుత్వం ఆయన్ని ఒక మాట అడగడం ఇదే మొదలు. ఆ సంతోషంలో ఆయనకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

తెల్లారగానే ఫీల్డ్ స్టడీకి బయల్దేరి, కొత్తపేట రైతుబజారు బయట జామకాయలమ్మే ఈరమ్మ దగ్గర ఆగారు.

"బండ్లు ఎత్తుకుపోయేవాళ్ళని మీరు ఏమని పిలుస్తారమ్మా?"

"ముంగటుంటే సారూ అంటం. పోయినంక అనేది మీరు రాసుకోలేరు."

"పర్లేదు, చెప్పండి."

ఈరమ్మ చెప్పింది. చక్రపాణిగారు రాసుకోలేదు.

ఆఫీసులో చర్చ మూడు రోజులు నడిచింది.

"అమలుదారులు అందామండీ."

"దారు అంటే దారూ గుర్తొస్తుంది మాస్టారూ."

"నిర్బంధకులు?"

"కోర్టుకెళ్తారు."

"పోనీ, తొలగింపు సిబ్బంది?"

"అదేంటండీ, అర్థమైపోతోంది! జనానికి అర్థం కాకూడదు, ఆనందం కలగాలి."

చివరికి నీరసం వచ్చి చక్రపాణిగారు "ఆత్మీయులు" అన్నారు. రామమోహనరావుగారి కళ్ళు చెమర్చాయి.

సోమవారానికల్లా వీపు మీద 'ఆత్మీయుడు' అని అచ్చేసిన ఆకుపచ్చ జాకెట్లు దిగాయి. టీమ్ లీడర్ ఉపేందర్ ఈరమ్మ బండి ముందు ఆగి, చేతిలో కాగితం చూసి చదివాడు.

"అమ్మా, మేము మీ ఆత్మీయులం."

"ఏ ఊరోళ్లు బిడ్డా?" అంటూ ఆమె నాలుగు కాయలు కోసి, ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. వాళ్ళు తిని, మూతులు తుడుచుకుని, బండిని లారీ ఎక్కించారు. రసీదు మీద 'ఆత్మీయంగా స్వీకరించడమైనది' అని ఉంది. పక్కనే నిలబడి చూస్తున్న చక్రపాణిగారు ఆ రసీదు తీసుకుని రెండుసార్లు చదివారు. రసీదులో అచ్చుతప్పులు లేవు కదా అని సరిపెట్టుకున్నారు.

వారం తిరక్కుండానే మాట జనంలోకి వెళ్ళిపోయింది. "ఆత్మీయులొస్తుండ్రు, ఉరుకుండ్రి!" అన్న కేక వినబడితే చాలు, బండ్లు సందుల్లోకి దూరేవి. హాస్టల్ పిల్లలు తనిఖీకి వచ్చే వార్డెన్‌ని ఆత్మీయుడన్నారు. ఒక పెళ్ళివారు 'ఆత్మీయులందరికీ ఆహ్వానం' అని శుభలేఖ వేయిస్తే, షామియానావాళ్ళు రోడ్డు మీది పందిరి ముందే విప్పుకుపోయారు.

ఆ నెలలోనే మంత్రిగారు ఎల్బీనగర్‌లో ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. ఆటోకి మైకు కట్టి, "వేలాదిమంది ఆత్మీయులు కదలి వస్తున్నారు!" అని ఊరేగించారు. అరగంటలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షట్టర్లు దిగిపోయాయి, రోడ్డు మీద పురుగు లేదు. హాల్లో కూర్చున్నది ఉపేందర్ బృందం ఒక్కటే.

మంత్రిగారు కారు అద్దం దించి, ఖాళీ ఫుట్‌పాత్‌లను తనివితీరా చూశారు.

"లాఠీ లేదు, లారీ లేదు. ఒక్క మాటతో సాధించారయ్యా!"

రామమోహనరావుగారికి ప్రశంసాపత్రం దక్కింది. చక్రపాణిగారికి 'గౌరవ ఆత్మీయుడు' అని రాసిన జాకెట్‌ని మంత్రిగారే స్వయంగా తొడిగారు.

ఆ జాకెట్‌తోనే ఆయన కొత్తపేటలో దిగారు. బండి పోయాక ఈరమ్మ గోడవారగా గంప పెట్టుకుని అమ్ముతోంది. ఎన్నాళ్ళుగానో ఆమెను పలకరించాలని ఆయన మనసు పీకుతోంది. ఆయన్ని చూడగానే ఈరమ్మ గంప మీద కొంగు కప్పింది.

"మీరు గూడ గాళ్లల్ల కలిసిండ్రా పంతులూ?"

"అబ్బెబ్బే, అదేం లేదమ్మా. ఊరికే, మామూలుగా వచ్చాను."

ఈరమ్మ మొహం మాడిపోయింది.

"నిన్ననే ఇస్తి గదయ్యా!"