శాంపిల్రావుకి రెండు గీతలు

రంగుల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ శాంపిల్రావు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. నాణ్యత చూడటం అతని ఉద్యోగం. గోడకు పూసిన రంగు ఆరేదాకా ఆగలేక వేలు పెట్టి చూడటం అతని జబ్బు. ఆ ఫ్యాక్టరీలో అతని వేలిముద్ర లేని గోడ లేదు.

ఇలాంటి మనిషికి డ్రైవింగ్ స్కూల్లో నేర్పే భార్య దొరికింది. పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని, ఊళ్ళోని తొందర మనుషులందర్నీ ఆమె దారికి తెస్తుంది. ఇంట్లో మాత్రం ఆ సౌకర్యం లేదు.

పోయినసారి ఆమెకు నెలసరి కాస్త ఆలస్యమైందో లేదో, పరీక్షా గిరీక్షా లేకుండానే శాంపిల్రావు వాళ్ళమ్మకి చెప్పేశాడు. వాళ్ళమ్మ కూతురికి చెప్పింది. కూతురు మొదలుపెట్టాక, ఎవరికి చెప్పలేదో వెతుక్కోవడమే తేలిక. తీరా ఏమీ లేదని తేలాక ఓదార్పులు మొదలయ్యాయి. కారు నేర్చుకోవడానికొచ్చిన పెద్దాయనొకడు గేరు మార్చబోతూ ఆగి, "దిగులు పడకు తల్లీ" అన్నాడు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని చాలాసేపు బయటికి రాలేదు.

అందుకే ఈసారి షరతు పెట్టింది.

"తేదీ దాటాలి. దాటాక పొద్దున్నే లేవగానే చూసుకుంటాను. అప్పటిదాకా మీరు అడగొద్దు, ఎవరితోనూ అనొద్దు."

"ఇప్పుడే చూస్తే పోయేదేముందోయ్?"

"తొందరపడి చూస్తే, ఉన్నా లేదనే చూపిస్తుంది. లేదనగానే మీ మొహం వేలాడిపోతుంది."

"నా మొహం సంగతి నాకొదిలెయ్."

"మీకొదిలేస్తేనేగా పోయినసారి ఊరంతా తిరిగొచ్చింది!"

అడగొద్దందిగానీ కొనొద్దనలేదు కదా! శాంపిల్రావు మందుల షాపుకెళ్ళి దగ్గు మందు, దువ్వెన, దూది, మళ్ళీ దగ్గు మందు అడిగి, చివరికి ధైర్యం చేసి గర్భం పరీక్ష కిట్ల పేరెత్తాడు. గుప్పెడు పట్టుకొచ్చాడు.

ఇంటికొచ్చాక అసలు అనుమానం పట్టుకుంది. ఈ కిట్లు మంచివేనా?

ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. కొత్త పరీక్ష కాగితం ఏదొచ్చినా, ముందు దాన్ని సరుకే లేని ఉత్త నీళ్ళలో ముంచి చూస్తారు. లేనిచోట లేదని చెబితేనే ఉన్నచోట చెప్పేది నమ్ముతారు. మరి ఈ ఇంట్లో కడుపు లేదని గట్టిగా చెప్పగల మనిషి ఎవరు? అమ్మ ఉంది. అమ్మని అడిగితే చెప్పు తీస్తుంది. మిగిలింది తనే.

చూసుకున్నాడు. ఒకే గీత. తనకి గర్భం లేదని రుజువైనందుకు శాంపిల్రావు ఎంతో సంతోషించి, కిట్టుని చెత్తబుట్టలో పడేసి డ్యూటీకెళ్ళాడు.

ఆ కిట్లకో గుణముంది. చెప్పిన టైములోపే చూసెయ్యాలి. ఆరిపోయాక చూస్తే లేని రెండో గీత ఒక్కోసారి మసగ్గా తేలుతుంది. జన్మలో రంగు ఆరేదాకా ఆగనివాడికి, ఆరాక ఏమవుతుందో ఎలా తెలుస్తుంది?

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. అక్క ఉంది. ఎదురింటావిడ ఉంది. ఎవరో తెలియనివాళ్ళు కూడా ఉన్నారు. తల్లి కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని ఎదురొచ్చింది.

"ఒరేయ్ దొంగ వెధవా! మా దగ్గర కూడా దాస్తారట్రా!"

ఆమె చేతిలో జేబురుమాలు. రుమాల్లో కిట్టు. కిట్టులో రెండు గీతలు.

శాంపిల్రావు నిజం చెబుదామని నోరు తెరిచాడు. అక్క ఆ నోట్లో చక్కెర పోసింది.

అతని బుర్రలో ఒక్కటే దారి మెరిసింది. భార్య రాగానే పరీక్ష చేయిస్తే, అది కూడా ఔనంటే, ఇది ఎవరిదని అడిగేవాడుండడు. ఆమె గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే వంటింట్లోకి లాక్కెళ్ళి చేతికి నీళ్ళ చెంబిచ్చాడు.

"తాగు."

"ఏమిటీ జనం?"

"తర్వాత చెప్తా. ఇదీ తాగు. ఇంకో చెంబు. ఒక్కసారి పరీక్ష చేసుకో, నీకు పుణ్యముంటుంది."

"ఇన్ని నీళ్ళు తాగి చూస్తే చూడి ఏనుగుక్కూడా లేదనే వస్తుంది. అసలేం చేశారు మీరు?"

ఇంతలో అత్తగారొచ్చి కోడల్ని కౌగిలించుకుంది. రుమాలు విప్పి చూపించింది. కోడలు కిట్టు వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. ఎర్రలైటు దాటిన శిష్యుణ్ణి చూసే చూపది. నెమ్మదిగా హాల్లోకి నడిచింది.

"అత్తయ్యా, ఇది నాది కాదు. మీదా?"

"ఛీ ఛీ! అవేం మాటలే!"

"వదినా, మీదా?"

"నేనిప్పుడేగా వచ్చాను!"

"మరి ఇంట్లో ఇంకెవరున్నారు?"

తలలన్నీ ఒక్కసారిగా శాంపిల్రావు వైపు తిరిగాయి.

"అదీ... కిట్టు పనిచేస్తుందో లేదోనని..." అన్నాడు పంఖా వంక చూస్తూ.

"నాయనా! పనిచేసిందిరా!" అని తల్లి కూలబడింది.

ఎదురింటావిడ ఎంతో మర్యాదగా అడిగింది. "ఎన్నో నెలండీ?"

పడీపడీ నవ్వి అందరూ వెళ్ళారు. మర్నాటికి అక్క ధర్మమా అని కబురు ఫ్యాక్టరీ చేరింది. అతని కుర్చీలో ఎవరో దిండు పెట్టారు.

భార్య మాత్రం నవ్వలేదు.

"మీకిది నవ్వులాట. నాకు కాదు. ఇక బయటికెళ్తే అందరి చూపూ నా పొట్టమీదే. రేపు లేదని తేలితే ఆ నవ్వినవాళ్ళంతా మళ్ళీ మొహాలు వేసుకుని వస్తారు. అప్పుడు తలుపు మీరే తీయండి, ఓదార్పులు మీరే పుచ్చుకోండి."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి నా నోరు జారితే నన్నడుగు" అంది.

తేదీ దాటింది. ఇంకొన్నాళ్ళు ఆగి, ఒక ఉదయం లేస్తూనే ఆమె స్నానాలగది తలుపు వేసుకుంది. శాంపిల్రావు బయట పళ్ళు తోముతున్నట్టు నటించాడు. పేస్టు మర్చిపోయాడు. తలుపు తెరుచుకుంది. ఆమె అతన్ని దాటుకుని తిన్నగా అత్తగారి దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. అత్తగారు కెవ్వుమనబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏమంది? ఏమంది?"

"తెలియాల్సినవాళ్ళకి తెలిసింది" అంది భార్య. "మీకు డాక్టరమ్మ దగ్గర తెలుస్తుంది."

"అమ్మా, నువ్వైనా చెప్పవే!"

తల్లి నోటిమీద చెయ్యి తీయకుండా తల అడ్డంగా ఊపింది. అంతలో కోడలు బట్టల బకెట్టు ఎత్తబోయింది. తల్లి చెయ్యి నోరు వదిలి గాల్లోకి లేచింది.

"వద్దమ్మాయ్! ఒరేయ్, నువ్వెత్తు!"

"ఏం, తనెందుకు ఎత్తకూడదూ?" అన్నాడు శాంపిల్రావు, కళ్ళు పెద్దవి చేసి.

భార్య బకెట్టు అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"మీరెత్తొచ్చు లెండి. మీ రెండో గీత ఉత్తదేనని తేలిపోయిందిగా."