ఇద్దరు పిల్లలు దొరికారు

ఆ ఆదివారం పొద్దున బీమా ఆఫీసు గుమాస్తా చేతిలో వల, భుజాన గుడ్డసంచితో గుమ్మం దాటబోతుంటే భార్య అడ్డం వచ్చింది.

"మధ్యాహ్నం మా నాన్న వస్తున్నారు. మా అల్లుడు చేపలు పెంచుతున్నాడని అందరికీ చెప్పుకున్నారట. తొట్టి ఖాళీగా కనబడితే నా పరువేం కాను? చేప లేకుండా మాత్రం ఇంటికి రాకండి."

ఇదంతా అతని స్వయంకృతమే. కొట్లో అమ్మే రంగు చేపలు పరాయివనీ, తన తొట్టిలో మన వాగు చేపలే ఉంటాయనీ మామగారి ఎదుట గొప్పలకు పోయాడు. అప్పటినుంచి వాగులో దిగని వారం లేదు, చేప పడిన వారమూ లేదు. తన నీడ చూస్తేనే చేపలు నవ్వుకుంటూ పక్కకు తప్పుకుంటున్నాయని ఆఫీసులో చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేసేవాడు.

అతనికి ఇంకో జబ్బుంది. చేపల గురించి "వచ్చాయి, పోయాయి" అనడు. "వచ్చారు, పోయారు" అంటాడు. గౌరవమట.

ఆ రోజు రాళ్ల సందున వల పెట్టగానే, నల్లచారల చేపపిల్లలు రెండు పడ్డాయి. వాటిని నీళ్లు పోసిన ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, గుడ్డసంచిలో దింపి, భార్యకు ఫోన్ చేశాడు.

"ఇద్దరు దొరికారోయ్. పిల్లలే. తల్లి తప్పించుకుంది. కాసేపు గిలగిలా కొట్టుకున్నారు గానీ ఇప్పుడు కదలట్లేదు. సంచిలో వేసి తెచ్చేస్తున్నా."

గట్టు మీద కుక్కను తిప్పుతున్న రిటైరైన హెడ్మాస్టరు చెవిన ఈ మాటలు పడ్డాయి. ఆయన జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడు. "ఇద్దరు" అంటే మనుషులే, అందులో ఆయనకు సందేహం లేదు. కుక్కను లాక్కుంటూ వీధిలోకి పరుగెత్తి కేకలు పెట్టాడు. గుమాస్తా సామాను సర్దుకుని గట్టెక్కేసరికి సగం వీధి, ఒక కానిస్టేబులు ఎదురుగా ఉన్నారు.

"పిల్లలేరి?" అన్నాడు కానిస్టేబులు.

గుమాస్తా ముఖం వెలిగిపోయింది. తన చేపల గురించి అడిగేవాడు ఇన్నాళ్లకు దొరికాడు. "సంచిలో ఉన్నారండీ."

"బతికే ఉన్నారా?"

"నీళ్లలోనే ఉంచాను. గాలికి కాస్త చోటు కూడా వదిలాను."

"ఎవరి పిల్లలు?"

"ఎవరి పిల్లలైతే ఏం లెండి. ఇక మావాళ్లే."

ఇంత ముద్దుగా ఒప్పుకునే దొంగను కానిస్టేబులు ఎన్నడూ చూడలేదు. సంచి లాక్కోబోయాడు. గుమాస్తా వదల్లేదు. ఆ పెనుగులాటలో లోపలి సంచి చిరిగి, రెండు చేపలూ గట్టు మీద ఓ గంతు, వాగులోకి ఓ గంతు వేసి మాయమయ్యాయి.

"చేపలా?" అన్నాడు హెడ్మాస్టరు నీరసంగా. "అయితే 'రెండు దొరికాయి' అనాలి కదయ్యా."

"నా నోరే నా కొంప ముంచిందండీ" అన్నాడు గుమాస్తా. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మీరెవరో ఇంట్లోవాళ్లు చెబితే వదిలేస్తానని కానిస్టేబులు అతని ఫోన్ తీసుకుని, అందరికీ వినబడేలా పెట్టాడు. "అమ్మా, వల పట్టుకుని ఒకాయన మీ భర్తనంటున్నారు. నిజమేనా?"

"ఆయన దగ్గర చేపలున్నాయా?"

"ఇందాక ఉన్నాయి. వాగులోకి పోయాయమ్మా."

"అయితే ఆయనెవరో నాకు తెలీదండీ" అని ఫోన్ పెట్టేసింది.

గుమాస్తా బేడీలకు సిద్ధమైనట్టు రెండు చేతులూ చాచాడు. హెడ్మాస్టరు కుక్కను పక్కింటాయనకు అప్పగించి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వల అందుకుని నీళ్లలోకి దిగాడు.

విచారణ నిమిత్తం కానిస్టేబులు బూట్లు విప్పాడు.