పిన్‌కోడు తెచ్చిన గృహప్రవేశాలు

యానాంలో అమ్మిరాజుగారి స్టీలు సామాన్ల కొట్లో కంప్యూటరు చూసే సుదీప్‌కి ఆ ఉదయం ఒక్కటే పని. ఖాతాదారులందరి చిరునామాలకూ పిన్‌కోడు చేర్చాలి. అది సాఫీగా జరిగితే సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేస్తానని యజమాని మాటిచ్చాడు. సుదీప్ ధీమాగా మీట నొక్కాడు.

కొంప మునిగింది.

ఎవరి చిరునామా మారినా, డెలివరీ కోసం వాళ్లిచ్చిన రెండో నంబరుకు "శుభాకాంక్షలు! మీవాళ్లు కొత్త ఇంట్లో చేరారు" అని దానంతటదే మెసేజ్ వెళ్లేలా డేటాబేసులో ట్రిగ్గరు రాసింది అతనే. వీధి, ఊరు, పిన్‌కోడు అన్నీ చిరునామా అనే ఒకే మూటలో ఉంటాయి. మూట పేరును బ్రాకెట్లలో పెడితేనే లోపలి వీధి, ఊరు విడిగా అందుతాయి. అసలు మారాయో లేదో చూడాల్సింది ఆ రెండే. బ్రాకెట్ల సంగతి తెలియక, ఎర్రర్లకు విసిగి, పాత మూటా కొత్త మూటా ఒకటేనా అని మాత్రం చూసి వదిలేశాడు. పిన్‌కోడు చేరగానే మూటలన్నీ మారాయి. ఊరంతా ఇల్లు మారినట్టయింది.

రెండో నంబర్లన్నీ చుట్టాలవే. కాసేపటికే కొట్టు ముందు జనం.

"మా చెల్లి పాలు పొంగించుకుందంట. సొంత అక్కకి కబురు లేదు!" అని వీణ అనే ఆవిడ గోల.

"నేనెక్కడికీ మారలేదే అక్కా!" చెల్లెలు ఏడుపు.

ఇంతలో దరియాలతిప్ప నుంచి ఆటో వచ్చి ఆగింది. దిగింది అమ్మిరాజుగారి అత్తగారు వీరవేణి. అల్లుడి ఖాతాలో రెండో నంబరు ఆవిడదే.

"ఏం అల్లుడుగారూ, అత్తని పిలవకుండానే గృహప్రవేశమా? నాలుగు మెతుకులకి బరువైపోయామా?"

అమ్మిరాజు ముఖం పాలిపోయింది. సుదీప్‌ని గోడౌన్లోకి లాక్కెళ్లాడు.

"అగ్రహారంలో ఇల్లు కొన్నానని నీకెవడు చెప్పాడ్రా? అత్తయ్యగారికి తెలిస్తే వచ్చి అక్కడే ఉండిపోతారని గుట్టుగా చేరాం!"

"ఇల్లాండీ? నాకేం తెలీదండీ! తప్పంతా నా ప్రోగ్రాందండీ. ఎవరూ మారలేదండీ." సుదీప్ తలెత్తలేదు.

అమ్మిరాజు కళ్లు మెరిశాయి. "ఆ ముక్కే బయటికొచ్చి చెప్పు. గట్టిగా."

స్టూలెక్కించారు. "మెసేజులన్నీ అబద్ధమండీ! నాకు ట్రిగ్గరు రాయడం రాదండీ!"

"మా అత్తయ్యగారికి వినబళ్లేదంట. ఇంకోసారి!"

మళ్లీ చెప్పాడు. చెవులు కాలిపోయాయి.

"ఇంజనీరింగ్ అన్నారు. ఇంతేనా?" అని నిట్టూర్చి వీరవేణి ఆటో ఎక్కింది.

సాయంత్రం ఉద్యోగం పర్మనెంటయింది. ట్రిగ్గరు బాగుచేస్తానని సుదీప్ అంటే, తొందరేం లేదన్నాడు అమ్మిరాజు.