తినరాని చోట్ల పలక

ఒక పెద్ద అడవిలో ఒక కొండ, కొండ కింద ఒక సరస్సు ఉన్నాయి. ఈ రెండూ తన దగ్గరే ఉన్నందుకు ఆ అడవికి కాస్త గర్వం కూడా ఉంది.

ఎండలు ముదిరితే చాలు, మైదానాల నుంచి జంతువులు చల్లదనం కోసం అక్కడికి బయల్దేరేవి. దుప్పులు, కుందేళ్లు, కొంగలు, పిల్లాపాపలతో కోతులు. వచ్చిన వాళ్లు ముందు కొండను చూసి ఆహా అనేవారు. తర్వాత సరస్సును చూసి ఓహో అనేవారు. ఆ రెండూ అయిపోయాక అందరూ ఒకటే అడిగేవారు, ఇక్కడ తినడానికి ఎక్కడ బాగుంటుందని.

పైడమ్మ దగ్గరికి వెళ్లండని అడవి వాళ్లు చెప్పేవారు.

పైడమ్మ ఒక నీటికుక్క. సరస్సు ఒడ్డున మద్ది చెట్టు కింద ఆమె పొయ్యి. నిప్పుల్లో కాల్చిన దుంపలు, చల్లటి చోడి అంబలి, చేపలు తినే వాళ్లకి అడ్డాకులో చుట్టి కాల్చిన చిన్న చేపలు, అంతే ఆమె వంట. వండేదీ ఒక్కతే, వడ్డించేదీ ఒక్కతే. నోరు మాత్రం పదిమంది పెట్టు. ఒకసారి ఒక దుప్పి నాజూగ్గా సగం దుంప ఆకులోనే వదిలేసి లేవబోతే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మిగతాది తినిపించింది. ఆ దుప్పి మరుసటి ఏడాది పదకొండు మంది బంధువుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పొయ్యి తప్ప పైడమ్మకు లోకంలో వేరే ఆధారం లేదు.

ఇదంతా గుంటనక్క నీలాద్రికి కంటగింపుగా ఉండేది. నీలాద్రి అడవి సభలో సలహాదారు. ఏ విషయంలో సలహాదారో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అతని బామ్మర్ది గవరయ్య కొండ కొమ్ము మీద 'మేఘమాల విందుశాల' తెరిచాడు. అక్కడికి నీళ్లు ఎక్కవు, కట్టెలు ఎక్కవు. మబ్బులు మాత్రం ఎక్కుతాయి. కూర్చుని చూస్తే నాలుగు లోయలు కనిపిస్తాయి. ఆకులో ఏమీ కనిపించదు. వంట సంగతి మెల్లగా చూసుకోవచ్చని గవరయ్య ధీమా.

అడవిలో పాత నిబంధన ఒకటి ఉంది. ఏ పొయ్యి దగ్గరైనా నెల రోజుల పాటు ఎవరూ తినకపోతే ఆ చోటు సభపరం అవుతుంది. గవరయ్య పొయ్యికి అప్పుడే ఇరవై రోజులు నిండాయి. అక్క దగ్గర ఏడ్చాడు. అక్క మొగుణ్ణి ఒక చూపు చూసింది. మర్నాడే నీలాద్రి సింహం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అతిథులు తెలియక ఎక్కడపడితే అక్కడ తింటున్నారని, రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే పోయేది మహారాజు పరువేనని మొరపెట్టుకున్నాడు. సింహం అప్పుడే భోంచేసి కునుకు తీస్తున్నాడు. తల ముందుకు వాలింది. ఒప్పుకున్నట్టేనని నీలాద్రి రుచి నిర్ణయ సంఘం వేసేశాడు. అధ్యక్షుడు తనే. సభ్యులు ఇద్దరు, రాబందు, కొండచిలువ. ఇద్దరికీ తిండి విషయంలో చాలా అనుభవం ఉంది, ఎలాంటి అనుభవమని మాత్రం అడక్కూడదు.

సంఘం పన్నెండు గడుల పత్రం తయారుచేసింది. స్వాగతం, ఆసనం, గాలి, దృశ్యం, దండ వేశారా లేదా, ఇలా పన్నెండు. రుచికి గడి లేదు. అది ఎవరి నోటికి తగ్గట్టు వారికి ఉంటుంది కనుక సంఘం జోక్యం చేసుకోరాదని తీర్మానించారు.

పైడమ్మ దగ్గరికి ముగ్గురూ వచ్చారు. పాపం, ఆవిడ వీళ్లూ ఆకలితో వచ్చారనే అనుకుంది. దండ వేయలేదు, ఆకు వేసింది. రాబందు చేపను వాసన చూసి మూతి ముడిచి, "మరీ తాజాగా ఉంది, మగ్గనివ్వలేదు" అని రాసింది. కొండచిలువ దుంప గురించి, "నమలవలసి వచ్చింది" అని రాసింది. నీలాద్రి నాలుగు ఆకులు నాకి, చెయ్యి కడుక్కుని, దృశ్యం సున్నా అని రాశాడు. మద్ది చెట్టు అడ్డం వస్తోందట.

వారం తిరక్కుండా అడవి ముఖద్వారం దగ్గర పెద్ద చెక్క పలక వెలిసింది. పైన 'తినదగిన చోట్లు' అని ఉంది. మొదటి పేరు మేఘమాల. ఎలుగుబంటి తేనె అట్లు, ఏదుపంది ఉడకబెట్టిన చిక్కుళ్లు కింద వరసలో ఉన్నాయి. పైడమ్మ పేరు లేదు.

కొత్తగా వచ్చిన వాళ్లు పలకను నమ్మి కొండెక్కారు. నాలుగు లోయలు చూశారు. రెండు పూటలు చూశారు. కళ్లు తిరిగి దిగొచ్చి, పైడమ్మ ఆకు ముందు కూలబడ్డారు.

నీలాద్రికి ఒళ్లు మండింది. రెండో పలక కట్టించాడు. దాని మీద 'తినరాని చోట్లు, ఇది మహారాజు ఆజ్ఞ' అని రాయించాడు. కింద ఒకటే పేరు, పైడమ్మ. నెల రోజులు అటు ఎవరూ తొంగిచూడకపోతే పొయ్యి సభపరం అవుతుంది. తర్వాత దాన్ని బామ్మర్దికి ఇప్పించొచ్చని ఎత్తు.

పైడమ్మ ఆ పలక చూసి దుంపలు మూటగట్టుకుంది. నీలాద్రి ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నానేటి తప్పు సేసినాను బావూ? ఆకలని వచ్చినోళ్లకి ఆకేసినాను. ఈ పొయ్యి పోతే నానెక్కడికి పోవాలి?"

నిబంధనలకు కళ్లు లేవని, తనకు వ్యక్తిగతంగా ఎంతో బాధగా ఉందని నీలాద్రి చెప్పాడు. చెబుతూ ఆమె తెచ్చిన దుంపల మూట లోపల పెట్టించాడు.

మర్నాడు పొద్దున పైడమ్మ, ఎవరూ రారులే అనుకుంటూనే అలవాటు కొద్దీ పొయ్యి రాజేసింది. మధ్యాహ్నానికి అడ్డాకులు అయిపోయాయి. వరస చెట్టు చుట్టూ తిరిగి నీళ్లలోకి దిగింది. మొదటి పలకను నమ్మి కొండెక్కి మాడిన వాళ్లందరూ ఒక నిర్ణయానికి వచ్చారు. బాగుందన్న చోట తిండే లేదంటే, బాగాలేదన్న చోట ఏదో ఉండే ఉండాలి. దారిలో కనిపించిన వాళ్లకీ అదే చెప్పారు. రెండో పలక ముందు నిలబడి దారి అడిగే వాళ్లు ఎక్కువయ్యారు.

గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. తన పొయ్యికి ఇంక రెండు రోజులే గడువుంది. "బావా, ఆ తినరాని పలక మీద నా పేరు కూడా ఎక్కించు" అన్నాడు.

ఊరికే ఎక్కించడం కుదరదని నీలాద్రి నసిగాడు. తినరానిదని తేల్చాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, సంఘం స్వయంగా రుచి చూడాలి. ఈ నిబంధన అతను అక్కడికక్కడే పుట్టించాడు. బామ్మర్ది కనుక మబ్బును రుచి చూసి పేరు ఎక్కించాడు.

సంగతి బయటికి పొక్కింది. ఎలుగుబంటి వచ్చి, తన తేనె అట్లు ఎంత ఘోరంగా ఉంటాయో గంటసేపు వివరించాడు. ఏదుపంది తన చిక్కుళ్లు పరమ చెత్త అని కన్నీళ్లు పెట్టుకుంది. నీలాద్రి ఎవరినీ నిరాశపరచలేదు. పొద్దుట అట్లు, మధ్యాహ్నం చిక్కుళ్లు, సాయంత్రం మళ్లీ అట్లు, అనుమానం తీరక. ఇరవై రోజుల్లో ఒళ్లు నిగనిగలాడింది, నడుం కనిపించకుండా పోయింది. రెండో పలక నిండిపోయింది. మొదటి పలక మీద ఒక్క పేరూ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడు పొరుగడవి సింహం వచ్చాడు. మహారాజుకు వియ్యంకుడు. మూడు రోజుల ప్రయాణం, దారిలో నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మా అడవిలో తిండికి ఏర్పాట్లు చూడండంటూ మహారాజు ఆయన్ని గొప్పగా ముఖద్వారానికి తీసుకొచ్చాడు. సంఘం ముగ్గురూ దండలతో నిలబడ్డారు.

తినదగిన చోట్ల పలక ఖాళీగా ఉంది. మహారాజు దాని వెనక కూడా చూశాడు.

ఉన్నవన్నీ రెండో పలక మీదకు మారాయని, అవి తినరానివని మహారాజు ఆజ్ఞే ఉందని నీలాద్రి వినయంగా విన్నవించాడు. మహారాజు ఇరుకున పడ్డాడు. దారిన పోయే కుందేలు రాజాజ్ఞ మీరితే మందలించొచ్చు. రాజే తన ఆజ్ఞ మీరితే వియ్యంకుడి ముందు తలెత్తుకోవడం ఎలా?

వియ్యంకుడు పలకల్ని వదిలేసి నీలాద్రిని చూస్తున్నాడు. కింది నుంచి పైకి, మళ్లీ నడుం దగ్గరికి.

"బావగారూ, ఈయన పేరు ఆ రెండో పలక మీద ఉందా?"

మహారాజు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తప్పు జరగకూడదని రెండోసారి కూడా చదివాడు.

"లేదు బావగారూ."

రాబందు దండ వదిలేసి ఎగిరిపోయింది. కొండచిలువ చుట్టచుట్టుకుని రాయిలా పడి ఉంది. నీలాద్రి రెండో పలక దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ, ఒక్క నిమిషం. నా పేరు ఇప్పుడే రాసేస్తాను."

"అదెలా కుదురుతుంది నీలాద్రీ?" అన్నాడు మహారాజు, నిజంగానే నొచ్చుకుంటూ. "రుచి చూడందే పేరు ఎక్కించకూడదని నువ్వే పెట్టావు కదా."

రుచి చూశారు.

కబురు సరస్సు ఒడ్డుకు చేరేసరికి పైడమ్మ ముప్ఫయ్యో ఆకు వడ్డిస్తోంది. "అయ్యో" అని నిట్టూర్చి, "ఆళ్లిద్దరికీ సరిపోయిందేటి?" అని అడిగి, తర్వాతి ఆకు వేసింది.

నీతి: తినదగినవేవో, తినరానివేవో తేల్చే పదవి దొరికిన వాడు మొట్టమొదట తన పేరును తినరాని వాటిలో రాసుకోవాలి.