ధారపోసిన ఎద్దు

1913 ఏప్రిల్ పదమూడు, ఆదివారం. మనవాళ్లు కూలికి ఓడెక్కిపోయే దీవిలో, నౌసోరి దగ్గర రేవా నది ఒడ్డున ఉండే మునియ్య, ఈ పూట ఎలాగైనా ఆవు పాక కప్పు సరిచేయాలని పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. ఐదేళ్ల గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, ముగించుకుని, చెరకు తోట వదిలి, వరి మడి కౌలుకు పట్టి సంపాదించుకున్న ఆవు అది. మునియ్యకు ఆ ఆవుకంటే పౌరుషం ఎక్కువ. అతని భార్య మంగమ్మకు ఆ పౌరుషంకంటే ఆవు ఎక్కువ.

పక్క మడి సోమయ్యది. సయాం దేశపు మనిషి. ఓడలో వంటవాడిగా వచ్చి సువా రేవులో దిగిపోయాడు. అసలు పేరు సోమ్. మనిషి పేరు మరీ అంత కురచగా ఉండడం చూడలేక మనవాళ్లు ఒక అయ్యను తగిలించారు. ఎవరు ఎదురుపడినా ముఖం దాకా చేతులు జోడించి వంగుతాడు. రోజూ వండిన అన్నంలో మొదటి ముద్ద బౌద్ధ భిక్షువు కోసం తీసి పెడతాడు. ఆ దీవిలో భిక్షువు లేడని తెలిసీ మధ్యాహ్నం దాకా ఉంచి, తరవాత పిట్టలకు వేస్తాడు.

ఆ ఉదయం సోమయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక చేత్తో ఎద్దునూ ఇంకో చేత్తో గిన్నెనూ పట్టుకొచ్చాడు. పలుపు మునియ్య చేతికిచ్చి, ఆ చేతుల మీద పూలు వేసిన నీళ్లు పోసి, వంగి దండం పెట్టి, "సువా జాతా" అని, సువా పోతున్నట్టు వచ్చీరాని హిందీలో చెప్పి వెళ్లాడు.

మునియ్య తడి చేతులతో అలాగే నిలబడిపోయాడు.

"మంగీ, సోమయ్య మనకి ఎద్దుని ధారపోసీసినాడే."

"ఊరెల్తా కట్టీసుంటాడు. మేత ఎయ్యి."

"ఊరెల్లేటోడు నీళ్లెందుకు పోత్తాడు? నిన్నిచ్చినప్పుడు మీ అయ్య నా సేతిలో పోసింది నీళ్లే గదా. నానేటైనా అడిగినానా?"

మంగమ్మ లేచి ఎద్దుకు తనే మేత వేసింది.

అంతలో అదే పేటలో ఉండే దొరస్వామి పరుగున వచ్చాడు. సోమయ్య పడవ ఎక్కబోతూ అతని చేతుల మీదా నీళ్లు పోశాడట. "ఎద్దులో సగం నాది" అంటూ ఒక కొమ్ము పట్టుకున్నాడు. వెనకనే మరో ఇద్దరు వచ్చారు, వాళ్ల చేతులూ తడిశాయి. మధ్యాహ్నానికి ఒక ఎద్దుకు నలుగురు యజమానులు తేలారు. నలుగురూ నాలుగువైపులా లాగితే అది ఐదో వైపు పోయి, లచ్మన్ వంకాయ మడిని మొదలంటా తొక్కేసింది.

శాస్త్రం తనకే తెలుసని చెప్పుకునే లచ్మన్ కోపంగా తీర్పిచ్చాడు. "దానం ఊరికే పట్టినోడికి ఎద్దేటి? తిరుగు దానం ఇచ్చినోడిదే ఎద్దు."

"నాకున్నవి రెండు కోళ్లు" అని దొరస్వామి కొమ్ము వదిలేశాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే తప్పుకున్నారు.

మునియ్య రొమ్ము విరిచాడు. "నా ఆవుని ధారపోత్తాను."

ఇరవైమంది విన్నారు. ఇక వెనక్కి తీసుకునే మాట కాదు. మంగమ్మ రెండు రోజులు ఏమున్నా మొగుడితో కాక ఆవుతోనే చెప్పుకుంది.

మంగళవారం సోమయ్య పడవ దిగాడు. పేటంతా చూస్తుండగా మునియ్య ఆవు పలుపు అతని చేతిలో పెట్టి, చెంబుతో నీళ్లు పోశాడు. సోమయ్య గాభరాగా నేలమీద మోకరిల్లి, వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని చెప్పాడు. మొన్న వాళ్ల దేశపు సంవత్సరాది. ఆ పండక్కి చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతులమీద నీళ్లు పోసి దీవెన అడుగుతారు. పెద్దవాళ్లు తన చేతిలో పోస్తే తనకు పాపం. తల్లి సముద్రాల అవతల ఉంది. అందుకని పేటలో వయసు మళ్లినవాళ్లను ఎంచుకుని పోశాడు. ఎద్దును కట్టింది మేపమని మాత్రమే.

అసలు ముసలివాళ్లను కూలీలను పట్టే ఏజెంట్లు ఓడే ఎక్కించరు. సోమయ్యకు దొరికినవాళ్లంతా నలభై దగ్గరపడినవాళ్లు.

"నేను ముసలోణ్ణా?" అని దొరస్వామి మీసం తడుముకుంటూ తప్పుకున్నాడు.

మునియ్య మాత్రం సోమయ్యను భుజాలు పట్టి లేవనెత్తాడు. ఎక్కడో పుట్టినవాడు తనను తండ్రిలా ఎంచుకున్నాడు. ఐదేళ్లు నంబరుతో పిలిపించుకున్న మనిషికి అంతకంటే గౌరవం ఏముంటుంది?

"ఆవు నీదే, నాయినా. ఇచ్చింది మళ్లీ తీసుకుంటే నాను మనిషినే కాను" అన్నాడు.

అప్పుడు మంగమ్మ ముందుకొచ్చింది. "మొగోళ్లందరికీ పోసినావు. మరి అమ్మకో?" అని సోమయ్య చేతిలోని పలుపు తీసుకుని, రెండు చేతులూ చాపింది. సోమయ్య కళ్లు తుడుచుకుని, గిన్నెతో నీళ్లు తెచ్చి భక్తిగా పోశాడు. "సల్లగుండు, బాబూ" అని దీవించి ఆమె మొగుడివైపు తిరిగింది.

"సూసినావా, నా కొడుకు నాకు ఆవుని ధారపోసినాడు. నీ మాటా తప్పనేదు." ఆవును పాకవైపు తోలుకుపోయింది.

భార్యను చూసి మునియ్యకు ఆ రోజు పట్టలేనంత గర్వం కలిగింది. ఆ సంగతి ఆమెకు చెప్పేంత వెర్రివాడు మాత్రం కాదు.

మరుసటి ఏప్రిల్‌లో సోమయ్య గిన్నెతో వచ్చేసరికి, పేటలో మునియ్య దంపతులు తప్ప అందరూ కుర్రవాళ్లైపోయారు.