నాలుగు జీబీ కటాక్షం

గుడి అంత పెద్దది కదా, గర్భగుడిని అంత చిన్నదిగా ఎందుకు కట్టారు? ఏళ్ల తరబడి నన్ను తొలుస్తున్న సందేహమిది. ఆడికృత్తిక పండగ నాడు తిరుత్తణి కొండ మీద తోపులాటలో నలిగినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. ఒకసారి పూజారిని అడిగితే ‘జరుగు, జరుగు’ అన్నారు.

జవాబు మా ఇంట్లోనే దొరికింది. అంబత్తూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి తనుశ్రీ ఇంటికి రాగానే కంప్యూటర్లో ఆటలు ఆడుతుంది. అందులోని గ్రాఫిక్స్ కార్డు మెమరీ నాలుగు జీబీ. చోటు చాలకపోవడం దేవుడిచ్చే వరమని ఆ కార్డే నాకు నేర్పింది. చోటు చాలనప్పుడే కదా మనిషి ఆగి పక్కవాణ్ణి పలకరించేది!

తిరువళ్ళూరులో నాది కిరాణా అంగడి. చదువు తక్కువ కాబట్టి అంగడి భాషలోనే చెబుతాను. బొమ్మలు గీసే కార్డు సరుకు తూచేవాడు. దాని మెమరీ అంటే వాడి చేతికి అందే బల్ల. కంప్యూటర్ మెమరీ అంటే వెనకున్న గోడౌను. ఆటలో కనిపించే గోడలు, చెట్లు, చొక్కా మీది గళ్లు, అన్నిటి బొమ్మలూ బల్ల మీదుంటే అడిగిన వెంటనే అందుతాయి. బల్ల నిండిపోతే? ప్రతిదానికీ గోడౌనుకు పరుగెత్తాలి. అంతసేపూ కొనేవాడు నోరు తెరుచుకుని నిలబడతాడు. దీన్నే పిల్లలు ‘స్టక్’ అంటారు.

ఎంత పుణ్యమో చూడండి. ఆటలోని శత్రువు తుపాకి ఎత్తి అలాగే ఆగిపోతాడు. అహింస ఇంతకంటే సులువుగా ఎక్కడ దొరుకుతుంది? ఆ సందులో మా అమ్మాయి తల తిప్పి ‘నాయినా, తింటివా?’ అంటుంది. ఆ సందు కోసమే మా ఆవిడ మునిలక్ష్మి వంటింటి గుమ్మంలో కాచుకుని ఉంటుంది. పెళ్లి పిలుపులు, మేనత్త మోకాలి నొప్పి, అన్నీ ఆటలో వెలిసిన గోడకు రంగు వచ్చి ఆట కదిలేలోగా చెప్పేయాలి.

నేను చెప్పేది ఒక్కటే. తనుశ్రీ చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే తిరుత్తణి స్వామికి మొక్కుకున్నాను. తలనీలాలు నావి, పాలకుండ ఎత్తుకుని మెట్లెక్కవలసింది తను. మొక్కింది ఒకరు, తీర్చాల్సింది ఇద్దరు. ‘ఈ వారం పోదాం నాయినా’ అంటుంది. అంతలో గోడకు రంగు వచ్చేస్తుంది.

మా బావ సుదర్శనం ఇంట్లో పదహారు జీబీ కార్డు ఉంది. ‘మావోడు ఆగేదే లేదు’ అని గొప్ప చెప్పుకుంటాడు. పాపం, కొడుకు వీపు చూసే వాడి ఆరోగ్యం అంచనా వేస్తున్నాడు.

ఇంత కళ్లెదుట ఉన్నా తనుశ్రీ కొత్త కార్డు కొంటానంది.

‘బల్ల పెంచితే చాలునామ్మా? తూచేటోడు ఒకడే గదా’ అన్నాను.

‘తూచేటోడు గట్టోడే నాయినా. సరుకు పెట్టేదానికి జాగా లేక నిలిచిపోతా ఉండాడు.’

‘అయితే సరుకు తగ్గించు. గోడ రవంత మసగ్గా ఉంటే ఏమి?’

‘టెక్స్చర్ తగ్గిస్తే అందరి మొగాలూ ఇడ్లీ మాదిరి అయిపోతాయి.’

‘ఇడ్లీకి ఏమొచ్చిందంట?’ అంది వంటింట్లోంచి మునిలక్ష్మి.

పన్నెండు జీబీ కార్డు వచ్చింది. గోడ మీద నాచు, శత్రువు నుదుట చెమట కూడా కనిపిస్తున్నాయి. ఆట ఆగడం మానేసింది. నేనూ వీపుతో మాట్లాడడం నేర్చుకున్నాను. వీపు ‘ఊఁ’ అంటుంది. మొక్కు సంగతి ఎత్తినా ‘ఊఁ’ అనే అంటుంది.

అయినా స్వామి ఊరుకుంటాడా? కొత్త కార్డుకు తగ్గట్టు కొత్త ఆట వచ్చింది. దాన్ని మా వీధి నెట్‌లో దించాలంటే పగలంతా పడుతుందట. ఆదివారం పొద్దున తనుశ్రీ తెర వైపు చూసింది, గడియారం వైపు చూసింది, ఇక చూడడానికేమీ లేక నా వైపు చూసింది.

‘నాయినా, ఈపొద్దు నాకేం పనిలే. కొండకు పోదామా?’

ఆ మాటకు నొచ్చుకోవాలంటే తీరిక ఉండాలి. నేను అప్పటికే అంగడి తాళంచెవి వెతుకుతున్నాను.

కొండ కింద గుండు చేయించుకున్నాను. తనుశ్రీ పాలకుండ తలకెత్తుకుని చకచకా మెట్లెక్కింది. సగంలో రొప్పుతూ నిలబడింది నేనే. తను కిందికి దిగి వచ్చి, కుండ తొణక్కుండా నా పక్కనే నిలబడింది. జ్వరం వచ్చినప్పుడు తానేం పలవరించిందో అడిగింది. చెప్పాను. నవ్వింది. ఇంకా అడిగింది.

మా బిడ్డ పని లేనప్పుడే కాక ఊరికే కూడా మా వైపు తిరిగేలా చూడమని స్వామిని అడగాలనుకున్నాను. కానీ మొక్కు తీర్చే రోజున కొత్త మొక్కు పెట్టకూడదని మా అమ్మ అనేది. పాలు అభిషేకానికి ఇచ్చి, ఖాళీ కుండతో కిందికి దిగాం.