చెవిపోగు అన్న చెప్పినాక డాక్టరెందుకు?

చెవికి చీము పడితే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఎంత వెనకబడ్డ మనుషులు! డాక్టరు ఏం చేస్తాడు? మూడు గంటలు కూర్చోబెడతాడు. చెవి చూపించమంటాడు. చూసి, "ఎన్నాళ్ళయింది?" అని అడుగుతాడు. అంటే తెలియదనేగా అర్థం! తెలిసినవాడు అడుగుతాడా?

మదనపల్లె ముద్దుకృష్ణ ఏనాడూ ఎవరినీ ఏమీ అడగలేదు. చెవి చూడాల్సిన అవసరం కూడా ఆయనకు ఎప్పుడూ కలగలేదు. ఫోను ముందు నిలబడి, నలభై సెకన్లలో, భూమ్మీదున్న చెవులన్నిటికీ ఒకేసారి వైద్యం చేసేవాడు. ఇంతటి సౌకర్యం మన తాతముత్తాతలకు ఉండిందా?

పుంగనూరులో పుట్టి, మదనపల్లె బస్టాండు దగ్గర ఫ్యాన్సీ స్టోరు పెట్టుకున్న ముప్ఫై నాలుగేళ్ళ మనిషి ఆయన. గాజులు, క్లిప్పులు, గోళ్ళరంగులు అమ్ముకునేవాడు. గల్లాపెట్టె పక్కన చెవులు కుట్టే గన్ను ఒకటి ఉండేది. టిక్కుమంటే బెజ్జం పడేది. పిల్ల ఏడ్చేలోపు తల్లి చేతికి చిల్లర వచ్చేది.

ఒకరోజు సరదాగా, కొత్తగా కుట్టిన పోగును ఎలా తిప్పాలో చెప్తూ ఒక రీల్ పెట్టాడు. తెల్లారేసరికి ఎనభై వేలమంది చూశారు. ఎనభై వేలమంది చూశాక మనిషి నిపుణుడు కాకుండా ఎలా ఉంటాడు? అదే వారం గోడకు నల్లగుడ్డ కట్టాడు, గుండ్రటి లైటు కొన్నాడు, పేజీకి 'చెవిపోగు అన్న' అని పేరు పెట్టుకున్నాడు.

ఆయన శాస్త్రం చాలా తేలిక. పోగును రోజుకు మూడుసార్లు తిప్పాలి. వాస్తే కొబ్బరినూనె. ఎర్రబడితే పసుపు. రెండూ అయితే రెండూ. చీము కారుతోందా? "చీము పోతాండాదంటే చెడు పోతాండాదని అర్థం. భయపడొద్దు!" డాక్టరు దగ్గరికి పోవచ్చా? "పోతే పోగు పీకేస్తారు. ఇంగ మీ ఇష్టం!"

ముక్కుపుడక చుట్టూ గడ్డ లేచిన బి.కొత్తకోట ఆడపిల్లకూ ఇదే మందు. బొడ్డుకు రింగు పెట్టించుకుని ప్యాంటు బిగించలేక అవస్థపడుతున్న బెంగళూరు ఉద్యోగికీ ఇదే మందు. కనుబొమకు కుట్టించుకున్న కురబలకోట పెళ్ళికొడుక్కి మాత్రం అదనంగా ఒక మాట చెప్పాడు: ఫోటోలకు అటువైపు తిరగొద్దు. ఇంతకన్నా నిజాయితీగల వైద్యం ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది?

చెప్పడమే కాదు, చేసి చూపించేవాడు కూడా. చెవితమ్మెల్లో పెద్ద బెజ్జాలు పెట్టుకుని వాటిలో గుండ్రటి గొట్టాలు బిగించుకోవడం ఇప్పుడు కొత్త మోజు కదా. ముద్దుకృష్ణ ముందు అగ్గిపుల్ల పట్టేంత పెట్టాడు. తర్వాత పెన్సిలు పట్టేంత. ఆ తర్వాత సున్నపు డబ్బీ మూతంత. ఆ కన్నంలోంచి అవతల బస్సు బోర్డు చదవొచ్చని కామెంట్లలో మెచ్చుకునేవారు.

మెచ్చుకోనిది వాళ్ళమ్మ గంగులమ్మ ఒక్కతే. ఆమె తమ్మెలు పాతకాలపు బరువు కమ్మలు మోసి భుజాలవైపు సాగిపోయి ఉండేవి.

"మావంటే బంగారు బరువుకు సాగినాయిరా. నువ్వు ప్లాస్టిక్కు పెట్టుకుని యాల సాగదీస్తాండావు?" అని అడిగింది.

"ఇది ట్రెండుమా. నీకు తెలీదులే."

"తెలీకేమి! తెగినాక ఏడ్చేదంతా నాకు తెలుసు," అని ఆమె చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. ఆమెకు పేజీ లేదు. కాబట్టి ఆ మాటకు విలువా లేదు.

ఏప్రిల్ నెలాఖరులో దీపిక అనే అమ్మాయి షాపుకు వచ్చింది. వాళ్ళ నాయన వెంకటప్పది పెద్దమండ్యం వైపు వేరుశనగ సేద్యం. ఆమె పుంగనూరులో ఒక సెల్‌ఫోన్ల షోరూములో కౌంటరు చూసుకునేది. మొదటిసారి జీతం పెరిగిన సంబరంలో చెవి పైభాగాన, గట్టిగా ఉండే చోట, ఒక పోగు కావాలంది. ముద్దుకృష్ణ గన్ను తీశాడు. టిక్కుమంది. మామూలుగా కన్నా కాస్త గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

"మూడు పూటలా తిప్పుమ్మా. రీల్స్‌లో అంతా ఉండాది, సూసుకో."

పదో రోజున ఆమె ఫోటో పంపింది. చెవి పైభాగం పండిన టమోటాలా ఉంది. ముద్దుకృష్ణ బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, దాని కింద 'పసుపు' అని రాశాడు. ఆ రోజు ఆయన తీరిక లేకుండా ఉన్నాడు. లక్షమంది ఫాలోయర్లు నిండుతున్నారు!

ఆ సందర్భాన్ని ఊరికే వదలకూడదు కదా. పాత గొట్టాలు తీసేసి, వాటికన్నా మూడు సైజులు పెద్దవి కెమెరా ముందే పెట్టుకుంటానని ప్రకటించాడు. ఆముదం పూసి, చిరునవ్వు చెదరకుండా నెట్టాడు. కుడిచెవిలోకి దూరింది. ఎడమచెవిలోకి కూడా దూరింది కానీ, వెనకవైపు చర్మం చిరిగి బయటికి మడతపడింది. వీడియోలో ఆ ముక్క కత్తిరించి మిగతాది పెట్టాడు. వెయ్యిమంది చప్పట్ల బొమ్మలు పంపారు.

మర్నాడు చెవి వాచింది. ముద్దుకృష్ణ తన శాస్త్రాన్నే నమ్మాడు. అందులో ఆయనను తప్పు పట్టలేం. కొబ్బరినూనె రాశాడు. పసుపు పట్టించాడు. మూడు పూటలా తిప్పాడు. అయిదో రోజుకు చీము కారింది. చెడు పోతోందని సంతోషించాడు. ఏడో రోజుకు జ్వరమొచ్చింది. దేనికి సంతోషించాలో అర్థం కాలేదు. ఎనిమిదో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన తగిలి, ఎడమ తమ్మె కిందివైపు దారం తెగినట్టు తెగిపోయింది. గొట్టం నేలమీద దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

ఆయన భార్య ఉష, గొట్టాన్ని చూడలేదు, మొగుడి ముఖం చూసింది. "ఇంగ చాలప్పా. డాక్టరు దగ్గరికి పోదాం పా."

"మదనపల్లెలోనా? ఎవురన్నా సూస్తే?"

"చెవి పోతాంటే ఎవురు సూస్తే ఏమి?"

ఆమెకేం తెలుసు ఇమేజి అంటే! ముద్దుకృష్ణ ఒంటరిగా, మే నెల ఎండలో తలకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని బస్సెక్కాడు. పుంగనూరులో కూడా దిగలేదు, అక్కడ చుట్టాలున్నారు. తననెవరూ గుర్తుపట్టని చోటు కావాలని నేరుగా కుప్పం దాకా పోయాడు. అక్కడ ఒక వీధిలో, చెవులకు కుట్లు బాగా వేస్తుందని పేరున్న డాక్టరమ్మ క్లినిక్కుంది.

లోపల బెంచీల నిండా జనం. చెవికి కట్టు కట్టుకున్నవాళ్ళు, ముక్కుకు దూది పెట్టుకున్నవాళ్ళు. ముద్దుకృష్ణ మఫ్లరు ఇంకాస్త ముందుకు లాక్కుని, పక్కనున్న పెద్దాయనను "టోకెన్ ఎంత నడస్తాండాదన్నా?" అని మెల్లగా అడిగాడు.

పెద్దాయన అవతల కూర్చున్న అమ్మాయి గబుక్కున తిరిగింది. ముఖం కనిపించకపోతేనేం? ఆ గొంతు ఆమె రోజుకు మూడు పూటలా విన్నది.

"అన్నా! చెవిపోగు అన్న కదా మీరు?"

దీపిక. తలకు అడ్డంగా తెల్లటి కట్టు. ముద్దుకృష్ణకు కాళ్ళు లేచి పరుగెత్తమన్నాయి కానీ మిగతా ఒళ్ళు లేవలేదు. తిట్టు కోసం తల వంచుకున్నాడు.

"తప్పు నాదేనన్నా," అంది దీపిక. "మీరు మూడు పూటలా తిప్పమంటిరి. షోరూములో మధ్యాన్నం కస్టమర్లుంటారు కదా, నేను రెండు పూటలే తిప్పినా. దానికే ఇట్లయిపాయ."

పక్కనున్న పెద్దాయన, ఆమె నాయన వెంకటప్ప, కూతురి మీద కళ్ళెర్రజేశాడు. "చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పినారు. ఇన్నోళ్ళకు బుద్ధుండాల కదప్పా! మీరే చెప్పండి, ఇంత నిర్లక్ష్యమైతే ఎట్ల?"

పాఠకులారా, తిట్టించుకోవడం సులువు. మనం పాడుచేసిన మనిషి మన ముందు చేతులు కట్టుకుని క్షమాపణ అడిగితే ఏం చేయాలో ఏ రీల్‌లోనూ లేదు. ముద్దుకృష్ణ నోరు తెరిచాడు. నలభై సెకన్లు గడిచాయి.

ఇంతలో నర్సు దీపికను పిలిచింది. తెర సగమే వేసి కట్టు విప్పింది. ముద్దుకృష్ణ చూడకూడదనుకుంటూనే చూశాడు. చెవి పైభాగం లేదు. ఉన్నది కూడా నూనెలో వేసిన అప్పడంలా లోపలికి ముడుచుకుపోయింది. లోపలి మెత్తటి ఎముక చీముకు కరిగిపోతే, కుళ్ళిన ముక్క తీసేశారట. ఆమె అద్దం అడగలేదు. కట్టు మళ్ళీ కట్టేదాకా నేల వైపే చూస్తూ కూర్చుంది. తొందరగా కానివ్వమని నర్సును బతిమాలింది.

తర్వాత ముద్దుకృష్ణ టోకెన్ వచ్చింది. డాక్టరమ్మ మఫ్లరు తీయించి, చెవి చూసి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది.

"ఇన్నాళ్ళు ఏం రాసినారు?"

"పసుపు... కొబ్బరినూనె."

"తిప్పినారా?"

"తిప్పినాను మేడమ్."

"ఎవడప్పా మీకందరికీ ఇది చెప్తాండేది? వారానికి నలుగురు వస్తాండారు ఇదే కత పట్టుకోని!" ఆమె చేతులు కడుక్కుంటూ ఒక్కో మాటా నొక్కి చెప్పింది. "పుండులో ఉండే కమ్మీని తిప్పితే పుండు మానుతుందా? చేతులు పెట్టకుండా ఉప్పునీళ్ళతో కడుక్కుని వదిలేస్తే చాలా చెవులు వాటంతటవే మానతాయి. చెవి పైభాగంలో రక్తం తక్కువ పారుతుంది, ఆడ గన్నుతో కుట్టనే కూడదు. ఎర్రగా వాచి జ్వరమొస్తే ఆ పొద్దే రావాల. తమ్మె పెంచాలంటే నెలల తరబడి కొంచెం కొంచెం పెంచాల, టైరుకు గాలి కొట్టినట్టు కొడితే తెగదా? ముందు ఈ చీము ఆరనీ. మూడు నెల్లు పోయినాక కుట్లేస్తా. ఇంతకూ ఎవుడు వాడు? యాడ ఉంటాడు?"

"తెలీదు మేడమ్."

"దొరికితే ఈడికి పట్టుకురాండి."

"దొరకడు మేడమ్," అన్నాడు ముద్దుకృష్ణ.

మందుల చీటీ పట్టుకుని బయటికొస్తే, తండ్రీకూతుళ్ళు మెట్లమీద నీడలో కూర్చుని ఉన్నారు. బస్సుకింకా టైముంది. వెంకటప్ప పక్కకు జరిగి చోటిచ్చాడు. మఫ్లరు లేని చెవి చూసి అదిరిపడ్డాడు.

"అయ్యో! మీకెవురన్నా తప్పు చెప్పినారా నాయనా?"

ముద్దుకృష్ణ ఈసారి తప్పించుకోలేకపోయాడు. "లేదన్నా. నేనే చెప్పినా. పాపకు చెప్పిందీ తప్పే, నేను చేసుకుందీ తప్పే. మూడుసార్లు తిప్పినోని చెవి ఇది. ఆ పాప తప్పేమీ లేదు."

వెంకటప్పకు కోపం రావడానికి టైము పట్టింది. వచ్చాక కూడా గొంతు పెంచలేదు.

"తెలీకుండానే లచ్చమందికి చెప్పినావా అప్పా? మేము ఇత్తనం మార్చాలన్నా పక్కోని చేను సూసి మారుస్తాము."

దీపిక ఏడవలేదు. కట్టు మీద చున్నీ సర్దుకుంది. "నాకు చెప్పి ఏమి లాభమన్నా? నా చెవి పాయనే పాయ. ఆ మాట అందరికీ చెప్పండి. ఆ నల్లగుడ్డ ముందరే నిలబడి చెప్పండి," అంది.

ఆయన చెప్పాడు! నిజంగానే చెప్పాడు. మనం ఎంత ఎకసెక్కం చేసినా ఈ ఒక్కటీ ఒప్పుకోవాలి. వారం తిరక్కుండా, ఫిల్టర్లు లేకుండా, తెగిన చెవిని కెమెరాకు దగ్గరగా పెట్టి, డాక్టరమ్మ అన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. "నాకు తెలీకుండానే చెప్పినాను. నా మాట ఇని పాడైనోళ్ళు ఉండారు. నన్ను క్షమించండి. దయచేసి డాక్టరుకు చూపించుకోండి." షాపులో గన్ను తీసేశాడు. వచ్చినవాళ్ళను పక్కవీధి షాపువాడు పిలుచుకుపోయాడు. వాడి దగ్గర రెండు గన్నులున్నాయి.

మరి లక్షమంది ఏం చేశారు? చెమ్మగిల్లిన కళ్ళతో డాక్టర్ల దగ్గర బారులు తీరారనుకుంటున్నారా? సాయంత్రానికి తొమ్మిది వేలమంది పేజీ వదిలేసి పోయారు. "డాక్టర్లు ఎంత ఇచ్చినారన్నా?" అని ఒకడు. "అన్న అమ్ముడుపోయినాడు" అని ఇంకొకడు. "పాత అన్నే బాగుండె, ధైర్యం చెప్తాండె" అని ఒక తల్లి. అన్నిటికన్నా పైన, రెండు వేల మూడొందల లైకులతో, ఈ కామెంటు మెరుస్తోంది:

"అన్నా, అదంతా సరే. డాక్టరు దగ్గరికి పోకుండా ఇంట్లోనే చెవికి కుట్లేసుకునేది ఎట్లో ఒక వీడియో పెట్టన్నా. సూది ఏ నంబరుది తీసుకోవాల?"

ముద్దుకృష్ణ ఆ లైకులు కొట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. టీచర్లున్నారు, ఇంజనీర్లున్నారు, మందుల షాపువాళ్ళున్నారు. ఆయనను గురువును చేసిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి. దీపిక పేరు మాత్రం లేదు.

ఆ జాబితాలో తమ పేరు లేదని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు దయచేసి చెయ్యెత్తండి. ఎత్తేముందు ఆ చేతిలోని ఫోను కాస్త కింద పెట్టండి.